ద్వారబంధంతో సహా

దయామణి ఫోటో తీసే తీరు ఆమె పాఠం చెప్పే తీరు వంటిదే. ముందు చూపవలసింది ఏదో తేల్చుకునేది, ఆ తరువాతే పని మొదలుపెట్టేది. గుంటూరులో ఆమె ఉపాధ్యాయ శిక్షణ ముగిసిన ఏడాది, స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక దొరసాని తన పెట్టె కెమెరాను, దానితోపాటు ఏదో ఫోటోల పత్రికలోని నాలుగు కాగితాలను ఆమెకు ఇచ్చి వెళ్ళింది. బొమ్మకు చట్రమంటే గోడకు తగిలించేటప్పుడు కట్టేది ఒక్కటే కాదనీ, కిటికీ, కొమ్మ, కమాను వంటివి ఉన్నచోటనే ఉండి చట్రం కాగలవనీ ఆ కాగితాల్లో రాసి ఉంది. ఆ మాట దయామణిని పట్టుకుంది. ముప్పాళ్ళకు నాలుగు మైళ్ళ దూరాన, ఊరికి దక్షిణంగా విడిగా ఉన్న తమ పల్లెలో బడి పంతులమ్మగా చేరాక, బండి చక్రపు ఆకుల మధ్య నుంచి, నాపరాళ్ళ కంచె సందుల నుంచి, చర్చి కిటికీలోంచి మనుషులను చూడడం అలవాటు చేసుకుంది. యుద్ధకాలంలో ఫిలిం దొరకనప్పుడు ఖాళీ కెమెరాతోనే సాధన చేసింది. ఆ కష్టమంతా తల్లి మార్తమ్మ మీద పడింది.

"ఒసే దయా, పోయినేడు కూడా ఇట్టనే చక్రం యెనక నిలబెట్టావు. ఆ బొమ్మ యాడుందే?"

"అప్పుడు లోపల ఫిలిం లేదమ్మా."

"ఉత్త పెట్టె ముందు నన్ను ఎండలో నిలబెట్టావా? నేనేమన్నా కల్లంలో మిరపకాయనా ఎండబెట్టటానికి?"

1947 చివర, పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో, ఊరి పెద్ద రైతు మస్తాన్‌రావు దగ్గర నుంచి దయామణికి కబురు వచ్చింది. ఆయన తల్లి పిచ్చమ్మ తుంటి విరిగి మంచాన ఉంది. ఆమెకు ఒక్క ఫోటో కూడా లేదు. నరసరావుపేట నుంచి స్టూడియో అతన్ని పిలిపిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "ఎవడో మొగాడు నల్లగుడ్డ ముసుగేసుకుని నన్ను చూడటమేంది?" అని తెగేసి చెప్పింది. అందుకని పంతులమ్మ కావలసి వచ్చింది.

పల్లెవాళ్ళు ఆ ఇంటి వాకిట్లోకి రావచ్చు, గడప దాటకూడదు. పంతులమ్మకైనా అదే కట్టుబాటు. దయామణి వాకిట్లో నిలబడి తెరిచిన తలుపులోంచి లోపలికి చూసింది. ఇంటి నడుమ ఆకాశం కనిపించే మండువాలో వెలుగు పాలు పోసినట్టుంది.

"మంచం మండువాలో వేయించండి. నేను లోపలికొచ్చి తీస్తాను," అంది.

మస్తాన్‌రావు నవ్వాడు. "నువ్వు లోపలికి రావటమేంది పంతులమ్మా? మంచాన్నే గడప కాడికి లాగిస్తా. నువ్వాడనే ఉండి తియ్."

మంచాన్ని ద్వారబంధం వరకు లాగారు. అది గడప దాటి బయటికి రాదు, ముసలావిడను ఎత్తితే తుంటి ఓర్చుకోదు. తూర్పు వాకిలి గనుక పొద్దుటి ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడింది.

"తొందరగా కానియ్యవే పిల్లా. ఎండకు కళ్ళు మూశానంటే, చచ్చినాక తీశారనుకుంటారు," అంది పిచ్చమ్మ.

ఆ కెమెరాలో బొమ్మ స్పష్టంగా పడాలంటే మనిషికి పది అడుగుల దూరాన నిలవాలి. అంత దూరాన నిలిస్తే ద్వారబంధం కొంత ఎలాగూ పడుతుంది. దయామణి ఇంకా రెండడుగులు వెనక్కి వేసింది. చెక్కడపు కమ్ములు రెండూ, పైన వాడిన మామిడి తోరణం, కింద పసుపు రాసిన గడప, నాలుగు పక్కలా నిండుగా పడేటట్టు చూసుకుంది. తనను ఆపిన గడపను బొమ్మలోంచి తప్పించవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు. ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

నరసరావుపేట కోర్టు వీధిలో అబ్దుల్ జబ్బార్ పటాలు కడతాడు, ఫిలిం కూడా కడిగి పెద్దవి చేసి ఇస్తాడు. ఆయన చేసిన ప్రింటు చూసి మస్తాన్‌రావు మొదట మురిసిపోయాడు. ఆ మురిపెం ఆయన బావమరిది అయిన ప్లీడరు అది చూసేవరకే నిలిచింది. "ఏం బావా, ఫోటో తీసినవాళ్ళకు గడప దాటే యోగం లేనట్టుందే! మొన్ననే గదా, గుళ్ళోకి అందరూ రావాలని మీటింగులో అధ్యక్షోపన్యాసం ఇచ్చావు?" అని అతను పగలబడి నవ్వాడు.

శనివారం దయామణి నెగెటివ్ తెచ్చుకోవడానికి జబ్బార్ కొట్టుకు వెళ్ళేసరికి మస్తాన్‌రావు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. జబ్బార్ నాలుగు నల్ల కాగితపు బద్దలను ప్రింటు మీద పరిచి దగ్గరికి జరుపుతున్నాడు. తోరణం మాయమైంది, కమ్ములు పోయాయి, చివరికి గడప పోయింది. ముసలావిడ ముఖమూ భుజాలూ మాత్రం మిగిలాయి.

"ఇట్టా కోస్తే వాకిలి పోద్ది. కానీ నెగెటివ్ పంతులమ్మగారిది. ఆమె ఊఁ అంటేనే నేను చేసేది," అన్నాడు జబ్బార్.

"ఊఁ అనవే," అన్నాడు మస్తాన్‌రావు.

"అననండి. మీరు నన్ను యాడ నిలబెట్టారో, ఆడినించి కనపడిందే పడింది. వాకిలి లేని బొమ్మ కావాలంటే నన్ను లోపలికి రానియ్యండి. రేపే మండువాలో ఇంకోటి తీస్తా."

ఆయన గొంతు తగ్గించాడు. "సరే, పొద్దుగూకినాక దొడ్డివాకిట్లోంచి రా. ఎవురికీ తెలవదు."

"పొద్దుగూకినాక ఈ కెమెరాలో బొమ్మ పడదండి. పగలే రావాలి. వీధి వాకిట్లోంచే వస్తాను."

జబ్బార్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మస్తాన్‌రావు లేచి నిలబడ్డాడు. "నీ బడి పాక ఎవరి దొడ్లో ఉందో గుర్తుందా? సోమారానికి నెగెటివ్ నా చేతికి రావాల. రాకపోతే పాకకు తాళం పడుద్ది."

ఆయన వెళ్ళాక జబ్బార్ నల్ల బద్దలను మెల్లగా తీసేశాడు. "ఇచ్చెయ్యకూడదా చెల్లెమ్మా? అరచెయ్యంత లేదు ఆ ఫిలిం ముక్క."

"దాన్ని కోయించటానికి ఆయన బండి కట్టుకొచ్చాడన్నా. అందులో ఏముందో ఆయనకూ తెలుసు," అంది దయామణి. నెగెటివ్‌నూ ప్రింటునూ ఆమె తనతో తీసుకువెళ్ళింది.

సోమవారం పాకకు తాళం పడింది. దయామణి ముప్పైనలుగురు పిల్లలను పలకలతో సహా చర్చి వసారాకు నడిపించింది. సంఘపెద్ద దేవానందం సాయంత్రం వచ్చి నిష్ఠూరమాడాడు. "ఒక్క బొమ్మ కోసం బడి పోగొట్టావు కదమ్మా."

"బడి పోలేదు బాబాయ్. పాక పోయింది."

ఆ జవాబు ఆయనకు తృప్తి కలిగించలేదు. పల్లెలో చాలామందికి కూడా కలిగించలేదు. వారం రోజులు బావి దగ్గర ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఆమె నెగెటివ్ ఇవ్వలేదు.

పదోనాడు మళ్ళీ ఆ ఇంటి నుంచే కబురు వచ్చింది, ఈసారి పిచ్చమ్మ దగ్గర నుంచి. తన బొమ్మ తనకు చూపించకుండా కొడుకు దాటవేస్తున్నాడని ఆమె అన్నం మానేసి కూర్చుంది. దయామణి ప్రింటు తీసుకుని వీధి వైపు నుంచే వాకిట్లోకి నడిచి, గడప ముందు ఆగింది. మంచం గడప పక్కనే ఉంది. మస్తాన్‌రావు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"గడప మీద పెట్టు. ఆడోళ్ళు తీసిస్తారు," అన్నాడాయన.

"పెట్టనండి. ఆమె చేతికే ఇస్తాను."

"ఇట్టా తేవే," అంటూ పిచ్చమ్మ గడప మీదుగా చెయ్యి చాచి ఆమె చేతిలోంచే లాక్కుంది. చాలాసేపు చూసింది. "వాకిలంతా పడిందే!"

"అది కోయిద్దామనే అమ్మా నేను..."

"ఎందుకురా కొయ్యటం? ఎనిమిదో ఏట ఈ వాకిట్లోంచే గదా నన్ను తెచ్చింది. వాకిలి తీసేస్తే సంతలో మంచమేసుకు పడుకున్నట్టుంటా. ఇట్టనే పటం కట్టించు." ఆ తరువాత, అలవాటైన గొంతుతోనే, ఆమె లోపలికి కేక వేసింది. "ఏమే కోడలా, చెంబుతో నీళ్ళు తీసుకురా. చెయ్యి కడుక్కోవాల."

దయామణి వాకిట్లోంచి కదలలేదు. నీళ్ళ చెంబు వచ్చేదాకా ఆగింది.

"కడుక్కోండి పిచ్చమ్మగారూ. ఫోటో మాత్రం తడవనియ్యకండి. తడిస్తే పాడైపోద్ది, మళ్ళీ తియ్యాల్సొస్తది. ఈసారి మాత్రం మండువాలోకి వచ్చే తీస్తాను."

మస్తాన్‌రావు నోరు తెరిచేలోపు ఆమె వెనుదిరిగింది. చర్చి వసారాలో రెండో తరగతికి లెక్కలు చెప్పే వేళ దాటిపోతోంది.