గులాబి రంగు కడుబులు

ఒక వినాయక చవితినాడు నేనొక్కడినే నూటొక్క కడుబులు చేశానని ధర్మవరంలో మా వీధంతా చెప్పుకుంటారు. వాళ్లకు చెప్పింది నేనే. ఇప్పుడు డెబ్బై దాటాయి, అబద్ధాలు మోయడానికి నడుము ఒప్పుకోవడం లేదు, అందుకే దించేస్తున్నాను. చేసినవి ఇరవై ఆరు. అందులో ఇరవై ఒకటి తినడానికి పనికిరాలేదు.

కడుబంటే మరేదో కాదు, కుడుమే. బియ్యప్పిండి రేకులో కొబ్బరీ బెల్లమూ పెట్టి, మడిచి, ఆవిరి మీద ఉడికిస్తారు. మా అత్తగారి ఊరు హిందూపురం, కన్నడం గాలి తగిలే ఊరు కాబట్టి అక్కడ కడుబంటారు. మా ఆవిడ ఆ మాటను కాపురానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంది.

తొంభైలలో సంగతి ఇది. పండక్కి వారం ముందు మా ఆవిడ కొళాయి దగ్గర జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. మోచేతి నుంచి అరచేతి దాకా కట్టు. సరిగ్గా అప్పుడే, చవితికి వస్తున్నానని మా అత్త ఉత్తరం రాయించింది. చెయ్యి సంగతి రాసేద్దామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

కారణముంది. మా అత్త ఎవరింటికి పోయినా చెప్పులు వాకిట్లో విడిచి నేరుగా వంటింట్లోకి పోతుంది. అందరికీ తానే వండి, తానే వడ్డించి, చివరికి గిన్నె అడుగున మిగిలింది నిలబడే నోట్లో వేసుకుంటుంది. కూతురు కాపురానికి వచ్చి పదేళ్లయినా ఆ ఇంట్లో ఆమె ఒక్కసారి కూర్చుని తిన్నది లేదు.

"చెయ్యిరిగిందని తెలిస్తే ముందురోజే దిగుతాది. మళ్లా పొయ్యికాడే ఉంటాది," అంది మా ఆవిడ. "ఈ ఒక్క తూరైనా మాయమ్మ నా ఇంట్లో పీట మీద కూర్చోని తినల్ల. చేసేది నువ్వే."

అదొక లెక్కా అన్నాను. పట్టుచీర కొంగులో నెమళ్లను ఆడించే వేళ్లు పిండిముద్దకు జంకుతాయా అన్నాను. నెమళ్లు పక్కింటి మగ్గం మీదివి. మా మగ్గం మీద దిగేది సాదా అంచు.

చవితి పొద్దున స్నానం చేసి వంటింట్లో దిగాను. మా అత్త ఎక్కే బస్సు పెనుకొండ మీదుగా పది గంటలకు చేరుతుంది. మా ఆవిడ గడప దగ్గర స్టూలు వేసుకుని, ఎడమచేత్తో గరిటె ఊపుతూ మేస్త్రీలాగా హుకుంలు జారీ చేసింది. మరిగే నీళ్లలో పిండి పోశాను, గోలీకాయల్లా ఉండలు కట్టింది. వేడి మీదే పిసకమంది, పిసికాను, చేతులు కాలి ఎగిరాను. రేకు తట్టి పూర్ణం పెట్టి మడిస్తే అంచులు విచ్చుకుని బెల్లం బయటికి కారింది.

"తెగిన పోగు అతికేది రాదా నీకు?" అంది. "అట్లే మెలిపెట్టు."

ఆ మాటతో వేళ్లకు దారి దొరికింది. ముప్పై ఏళ్లుగా తెగిన పోగుకు కొత్త పోగు కలిపి మెలితిప్పుతున్నవాడిని, పిండి అంచు ఒక లెక్కా! ఇరవై ఒక్క కడుబులు వరుసగా లేచాయి. ఆ సంతోషానికి నేనొక చిన్న గంతు వేశాను. చిన్నదేమీ కాదు, ఉట్టి తలకు తగిలింది.

ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ పరిచి పెట్టమంది. ఎప్పుడూ పరిచే గుడ్డ ఆమె మెడలో వేలాడుతూ కట్టుచెయ్యిని మోస్తోంది. మళ్లీ అడిగితే నా పెద్దరికం ఏమవుతుందని, మగ్గం దగ్గర ఉతికి ఆరేసిన, తెల్లగా కనిపించిన గుడ్డను తెచ్చి పరిచేశాను. రంగులద్దే ఆయన కొత్తగా గులాబి రంగువేసిన పట్టును మూటగట్టి పంపిన గుడ్డ అది. వేడి నీళ్లలో రంగు కదులుతుందని ధర్మవరంలో పసిబిడ్డకు కూడా తెలుసు. ఆ పూట నాకు తెలియలేదు.

మూత తీస్తే కడుబులన్నీ మిఠాయి గులాబి రంగులో, సిగ్గుపడే పెళ్లికూతుళ్లలా కూర్చుని ఉన్నాయి.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. గడియారం వైపు చూసింది, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది. తొమ్మిదిన్నర. మిగిలిన పిండి ఐదింటికి సరిపోయింది. ఈసారి అరటాకు పరిచి ఉడికించాను. గులాబి కడుబుల పళ్లేన్ని, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో దాచేశాను. ఐదు కడుబులూ వినాయకుడి ముందు పెట్టి హారతి ఇస్తుండగానే మా అత్త వాకిట్లో చెప్పులు విడిచింది.

కూతురి కట్టు చూసింది. రాయలేదేమని కసిరింది, వెంటనే కొంగు దోపుకుని వంటింటి వైపు కదిలింది. వంటంతా అయిపోయిందని చెప్పి మేమిద్దరం ఆమెను పట్టి పీట మీద కూర్చోబెట్టాం. కూర్చుంది కానీ, ఒక మోకాలు లేపుకునే కూర్చుంది, పరుగుపందెంలో విజిల్ కోసం చూసేవాళ్లలాగా.

మా ఆవిడ కుడిచేత్తో గిన్నె ఎత్తలేదు, ఎడమచేత్తో వడ్డించకూడదు. నేను ఆకులో రెండు కడుబులు పెట్టాను. అంతే, మా అత్త లేవబోయింది.

"అల్లుడు వడ్డిస్తా ఉంటే నేను కూర్చోని తినేదా? నూరు మంది నవ్వుతారు. జరగప్పా, నేను పెడతా."

మా ఆవిడ ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూడలేక నోటికొచ్చింది అనేశాను. నూటొక్క కడుబులు చేశాను అత్తా, వీధంతా పంచాను, అలసిన చేతులు, ఈ రెండూ తినకుంటే నా కష్టం ఏమవుతుంది అన్నాను. ఆమె నన్ను చూసింది. నా వేళ్లను చూసింది. అవి కూడా గులాబిగానే ఉన్నాయి.

ఇక లాభం లేదని మొత్తం చెప్పేశాను. ఉండలు, గంతు, ఉట్టి, పట్టు మూటగట్టిన గుడ్డ, అన్నీ. చూపించమంది. గుంతలోకి దిగి పళ్లెం పైకెత్తి ఆమె ముందు పెట్టాను. ఒకటి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"ఏమే, ఇవి తినేటివా, కట్టుకునేటివా?"

అడిగినామె తానే నవ్వడం మొదలుపెట్టింది. పడిపడి నవ్వింది. లేపిన మోకాలు కిందికి జారింది, పీట మీద చతికిలబడి గోడకు ఆనుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ పళ్లెం చూసి మళ్లీ నవ్వింది. లేవాలని ఒకసారి చెయ్యి ఊతం పెట్టింది కానీ ఒంట్లో సత్తువ మిగల్లేదు.

మా ఆవిడ అమ్మ పక్కన కూర్చుంది. కట్టులోంచి బయటికున్న రెండు వేళ్లతో తెల్ల కడుబును తుంచి ఆమె నోట్లో పెట్టింది.

మా అత్త నిదానంగా నమిలింది.

"బెల్లం చాల్లేదే," అని, ఇంకో ముక్క కోసం నోరు తెరిచింది.