ఇస్త్రీ పెట్టె కింద లేచిన వాసన

చిన్నకోడలు ఆ ఇంటికొచ్చి మూడేళ్లయింది. ముందుగదిలోనే పెద్దకోడలి ఇస్త్రీ కొట్టు. వరసకి అక్కా అని పిలుస్తుందన్న మాటే గానీ, ఆమె పనిలో ఉంటే పలకరించడానికి ఇప్పటికీ జంకుతుంది. అక్క ముక్కు ఎలాంటిదో ఆమెకు ఈ వేసవిలోనే తెలిసింది.

వేసవి మొదట్లో ఎదురు మేడావిడ వచ్చి చీరను బల్లమీద విసిరింది.

"ఏంటమ్మా, నీ కొట్టు గోడలకి చెమ్మ పట్టిందా? కట్టుకుంటే ఒకటే కుళ్లు కంపు!"

ఆ మాట వీధంతా పాకింది. మూటలు సగానికి పడిపోయాయి. అక్క ఆ చీరమీద నీళ్లు చిలకరించి పెట్టె ఆనించింది, ముఖం వంచి ఆవిరి పీల్చింది.

"ఇది మన గోడల కంపు కాదే చెల్లీ. ఆరేసినప్పుడు పట్టింది. చల్లారాక నక్కి కూచుంటుంది, వేడి తగిలితే లేస్తుంది."

ఆ రోజునుంచి మూట తెచ్చినవాళ్లనల్లా ఆరాలు తీసింది. ఏ డాబామీద ఆరేశారు? ఎప్పుడు తీశారు?

"ఇస్త్రీకొచ్చామా, పోలీసు స్టేషనుకొచ్చామా?" అని నవ్వేవాళ్లు.

అక్క చెప్తుంటే చిన్నకోడలు పొడుగు పుస్తకంలో రాసేది: ఇంటి నంబరు, ఆరిన వేళ, లేచిన వాసన. 'ఎముకలు ఉడికినట్టు', 'తడి తోలు', 'ఏమీ లేదు'. రెండు నెలలకు ఒకరోజు పేజీలు తిప్పుతూ ఆమె ఉలిక్కిపడింది. కంపు కొట్టిన ఇళ్లన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఆ వరస నేరుగా కాలవ అవతల ఎముకలూ తోళ్లూ ఉడికించే జిగురు ఫ్యాక్టరీకే పోతోంది. అదీ రాత్రి ఆరేసి పొద్దున తీసిన బట్టలకే; అంటే ఉడికించేది రాత్రిళ్లే. గడప దాటకుండా అక్క గాలి దారి పట్టేసింది.

వీధిలో కంపు గురించి అక్క ఇచ్చిన ఫిర్యాదుమీద మునిసిపల్ ఇన్‌స్పెక్టరు అప్పటికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ మిట్టమధ్యాహ్నమే. వీధి మధ్య నిలబడి గాలి పీల్చి, ఏమీ లేదని వెళ్లిపోయాడు. ఈసారీ తేలకపోతే ఫిర్యాదు మూసేస్తానన్నాడు. మూసేస్తే ఆ కంపు కొట్టుదేనని ఖాయమైపోతుంది.

మూడోసారి ఆయన వచ్చేసరికి బల్లమీద ఆరు కవర్లున్నాయి. ఒకే తొట్టిలో ఉతికిన ఆరు తెల్ల గుడ్డలు. ముందురాత్రి ఆరు డాబాలమీద ఆ ఇళ్లవాళ్లే ఆరేసి, తెల్లవారగానే తీసి, ఇంటి నంబరు రాసిన చీటీతో సహా మూతి బిగించినవి.

"కవర్లు కలగలిపి ఒక్కోటే విప్పండి సార్. చీటీ మీరు ఉంచుకుని గుడ్డ నాకివ్వండి," అని అక్క గోడవైపు తిరిగి నిలబడింది.

"గారడీనా అమ్మా ఇది?"

"కాదు సార్, ఇస్త్రీ."

గుమ్మం దగ్గర మూగినవాళ్లు కిసుక్కుమన్నారు. మేడావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అందరికంటే ముందుంది.

మొదటి గుడ్డ మీద పెట్టె జరిగింది. "సబ్బు వాసనే. బడి పక్క ఇల్లు." ఇన్‌స్పెక్టరు చీటీ చూసి తలూపాడు. రెండోది కూడా సరిపోయింది. మూడోదానికి ఆయనే ముందుకు వంగాడు. నాలుగోదాని కంపుకు వెనక్కి తగ్గాడు. ఐదోది ఆవిరి కక్కగానే గుమ్మంలో నవ్వులు ఆగిపోయాయి.

"కాలవ గట్టు చివరిల్లు," అంది అక్క. అదే.

ఆరో గుడ్డకు ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. "ఇది ఎదురు మేడ. కాలవవైపు, తూర్పు పిట్టగోడ మీద ఆరింది. పడమర తీగమీద ఆరేస్తే ఇంత పట్టదు."

ఇన్‌స్పెక్టరు చీటీలోంచి తలెత్తి మేడావిడను చూశాడు. ఆవిడ కొంగు ఎప్పుడో జారిపోయింది. "అవును, పిట్టగోడ మీదే వేశాను," అంది పీలగా. "నేను చెప్పనేలేదే!"

చిన్నకోడలు తనూ ఆ గుడ్డ తీసుకుని వాసన చూసింది. కంపు తెలిసింది. తూర్పేదో పడమరేదో మాత్రం ఎంత పీల్చినా దొరకలేదు. రోజూ తనతో కలిసి అన్నం తినే మనిషే అయినా, ఎక్కడో ఎత్తున నిలబడి ఉన్నట్టు తోచింది.

ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని రిజిస్టరు తెరిచాడు. "రేపు తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా నేరుగా ఫ్యాక్టరీకే వెళ్తాను. ఈ ఆరు గుడ్డలూ మీ పుస్తకమూ నాకు కావాలి. ఇంకేమైనా రాయాలా అమ్మా?"

అక్క పెట్టె నిలబెట్టి చేతులు తుడుచుకుంది.

"కంపు ఇస్త్రీ కొట్టుది కాదని రాయండి సార్. రాసి, అందరికీ వినపడేలా చదవండి."

ఆయన రాశాడు. లేచి నిలబడి చదివాడు.