గేటు రిజిస్టరులో మా ఇంటి అక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపమంటే అమ్మదే. నాన్నకు కోపం రావడం నేను చూడలేదు. నాకు వచ్చినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు నాకు ముప్పై దాటాయి, అమ్మ కోపం నాకూ అబ్బింది. ఈ సంగతి రాస్తున్నా ఒళ్ళు మండుతోంది. మొదట మేమున్న ఆ అపార్ట్‌మెంట్ల సొసైటీ మీద, తర్వాత నా మీద.

అప్పట్లో మేం ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్నది నోయిడాలో ఉద్యోగం. ఇద్దరిదీ బాపట్ల వైపు. నేను ఆరో తరగతిలో ఉండగా టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అక్క మా ఇంట్లో ఉండేది. హాస్టల్లో సీటు దొరకలేదు. ఫోనులో సరేనన్న ఇంటివాళ్ళు మనిషిని చూడగానే గది లేదన్నారట. ఆ మాట మా చర్చిలో ఎవరో చెబితే అమ్మ ఆ ఆదివారమే వెళ్ళి ఆమెను పెట్టెతో సహా ఇంటికి తీసుకొచ్చింది. నా గదిలో నా మంచం పక్కన ఇంకో మంచం పడింది.

ఆమెతో ఉండటం నాకు బాగుండేది, అది దాచను. అయిదింటికే లేచి, కుళాయి నీళ్ళు ఆగిపోకముందే బకెట్లు నింపేది. అన్నం మాలాగే చేత్తో కలుపుకుని తినేది. వాళ్ళింట్లో మొక్కజొన్న పిండి ముద్ద అలాగే తింటారని చెప్పింది. ఆవకాయ మొదటి వారంలోనే అలవాటైపోయింది. ఆదివారం మధ్యాహ్నం కింద ఫోను బూత్‌కి వెళ్ళి వాళ్ళమ్మతో మాట్లాడి, వచ్చాక మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టుకునేది. రోజూ సాయంత్రం నాకు లెక్కలు చెప్పేది. భిన్నాలు నాకు ఎక్కాయంటే అది ఆమె పుణ్యమే.

మా సొసైటీ గేటు దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది. బయటివాళ్ళు ఎవరొచ్చినా అందులో పేరు, ఏ ఫ్లాటుకి, ఎవరిని కలవాలి, ఏం పని, ఎన్ని గంటలకు వచ్చారు, అన్నీ రాసి సంతకం పెట్టాలి. అక్క మా ఇంట్లో ఉంటోందని గేటులో అందరికీ తెలుసు. అయినా రోజూ కాలేజీ నుంచి వచ్చి ఆ పుస్తకం నింపితేగాని లోపలికి రానిచ్చేవారు కాదు. మా పై అంతస్తులో పేయింగ్ గెస్టుగా ఉన్న లక్నో అబ్బాయి ఒక్క రోజు కూడా రాయలేదు. మొదట్లో అక్క ఎవరిని కలవాలి అన్నచోట మా అమ్మ పేరు రాసేది. కొన్నాళ్ళకు విసుగొచ్చి తన పేరే రాయడం మొదలుపెట్టింది. ఎవరూ గమనించలేదు, ఆ పుస్తకం చదివేవాళ్ళుంటే కదా.

మే నెలలో ఏదో ఫ్లాటులో దొంగతనం జరిగింది. ఇకపై బయటివాళ్ళను ఇంటర్‌కమ్‌లో అడగకుండా పంపొద్దని కమిటీ ఆర్డరు వేసింది. ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి నేను స్కూలు బస్సు దిగేసరికి గేటు బయట ఎండలో అక్క నిలబడి ఉంది. మా ఫ్లాటు తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఇంటర్‌కమ్ ఎవరూ ఎత్తడం లేదు, ఎత్తనిదే గార్డు పంపడు.

నాతో ఇద్దరు స్నేహితురాళ్ళున్నారు. ఆమె పడుకుంటే మీ బెడ్‌షీట్లు నల్లబడతాయా అని నన్ను బస్సులో అడిగింది వాళ్ళే. గార్డు భయ్యా పెద్దవయసు మనిషి, నెమ్మదస్తుడు. ఎలాగోలా ఆమెను లోపలికి పంపాలనే ఆయన నన్ను పిలిచాడు. "బేబీ, యే దీదీ ఆప్ కే ఘర్ మే రహతీ హై నా?" అని, ఈ అక్క మీ ఇంట్లోనే ఉంటుంది కదా అని అడిగాడు. అవునంటే సరిపోయేది. పక్కన వాళ్ళిద్దరూ అప్పుడే కిసుక్కున నవ్వడం మొదలుపెట్టారు.

"పతా నహీ భయ్యా" అన్నాను. నాకు తెలియదని చెప్పి, వాళ్ళతో కలిసి వాళ్ళింటికి కూల్‌డ్రింక్ తాగడానికి వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు.

అమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి నాలుగైంది. అంతవరకూ ఆమె ఎండలోనే ఉంది. అమ్మ గార్డును నిలదీసింది. నేనూ కిందికి దిగి వచ్చి అక్కడే నిలబడ్డాను. ఆయన తన తప్పు లేదని చెప్పుకోబోయాడు. బేబీని అడిగాను మేడమ్, తెలియదంది అన్నాడు. అమ్మ నావైపు తిరిగేలోపే అక్క అందుకుంది. "నో ఆంటీ, చెల్లి డిడ్ నాట్ సీ మీ" అంది. మా దగ్గర నేర్చుకున్న చెల్లి అనే ఆ ఒక్క తెలుగు ముక్కను ఇంగ్లీషులో కలిపి, చాలా మామూలుగా అబద్ధం చెప్పింది. అమ్మకు ఇంకా మండింది. చేసిన పని చాలక నా పిల్ల మీద అబద్ధాలు కూడానా అని ఆయన్ని గేటులో అందరి ముందూ కడిగేసింది. నేను కుక్కిన పేనులా నిలబడ్డాను. ఆ సాయంత్రం కూడా అక్క నాకు లెక్కలు చెప్పింది, ఆ మాటే ఎత్తలేదు.

అమ్మ సెక్రటరీ అంకుల్ దగ్గరికి వెళ్ళింది. ఆయన టీ ఇప్పించి, రూల్ ఈజ్ రూల్ బెహన్‌జీ, ఫ్యామిలీ కానివాళ్ళు రాయాల్సిందే అన్నాడు. ఇబ్బందిగా ఉంటే ఆ అమ్మాయిని నెలాఖరుకు ఇంకోచోట చూసుకోమనండి, కమిటీలో అందరిదీ అదే మాట అని కూడా అన్నాడు. అమ్మ టీ తాగకుండా వచ్చేసింది. ఇంటికొచ్చి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది.

బుధవారం సాయంత్రాలు మా ఇంట్లో తెలుగువాళ్ళ ప్రార్థన కూటం జరిగేది. పాతిక మంది దాకా వచ్చేవారు. మామూలుగా గార్డు "పూజా వాలే", అంటే పూజకొచ్చినవాళ్ళు అని, ఒకే గీత రాసుకుని అందర్నీ పంపేసేవాడు. ఆ బుధవారం ఒక్కరూ ఊరికే లోపలికి రాలేదు. సరిగ్గా ఆఫీసుల నుంచి కార్లొచ్చే వేళకు గేటు దగ్గర వరస కట్టారు. ముందు పాస్టరుగారు, వెనక మిగతావాళ్ళు. ఎవరి పేరు వాళ్ళే రాయాలి, ఒక్కొక్కరికీ మా ఫ్లాటుకి ఇంటర్‌కమ్ చేసి అడగాలి. పైన నాన్న ఫోనెత్తి, ఒక నిమిషం ఆగమని, ఆలోచించినట్టు ఆలోచించి, పంపించండి అనేవాడు. ఆయనలో అంత నటుడున్నాడని మాకు తెలియదు. ఏం పని అన్నచోట ఒకాయన బైబిలు వాక్యం మొత్తం రాశాడు. రాయడం రాని ఒక మామ్మ వేలిముద్ర వేస్తాను, ఇంకు పెట్టె తెమ్మంది. గేటులో ఉన్నది ఒక్కడే గార్డు. పుస్తకం చూస్తే కార్లకు అడ్డంగా ఉండే బారు ఎత్తేవాళ్ళు లేరు, బారు ఎత్తితే పుస్తకం చూసేవాళ్ళు లేరు. కార్లు రోడ్డు దాకా ఆగిపోయి హారన్లు మోగించాయి.

వరస చివర అక్క, నేను, అమ్మ. నా వంతు కోసం ఆగినప్పుడు ఆ పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. ప్రతి పేజీలోనూ అక్క గుండ్రటి చేతిరాత. ఎనిమిది నెలలు.

ఆగిన కార్లలో సెక్రటరీ అంకుల్‌ది కూడా ఉంది. దిగి వచ్చి, ఏంటి బెహన్‌జీ ఇది, మీరు రాయక్కర్లేదుగా అన్నాడు. అమ్మ పెన్ను వదల్లేదు. "ఆ పిల్ల ఉండేదీ నేనుండేదీ ఒకే ఇల్లు భాయ్‌సాబ్. తను రాస్తే నేనూ రాస్తాను. రేపూ రాస్తాను, ఎల్లుండీ రాస్తాను" అంది. వెనక హారన్లు ఆగడం లేదు. పక్కరోజే అక్కకు ఫోటో అంటించిన సొసైటీ కార్డు వచ్చింది. ఇంకోచోట చూసుకోమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చదువు అయ్యేదాకా అక్క మా ఇంట్లోనే ఉంది.

కానీ ఆ వరసలోనే ఇంకొకటి జరిగింది. ఎండలో నిలబెట్టి పైగా అబద్ధమాడాడని అమ్మ గార్డు సంగతి కూడా ఎత్తింది. సెక్రటరీకి అదే కావలసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, తప్పంతా గార్డుదే అని తేల్చేశాడు. అప్పుడు ఆ గార్డు నావైపు చూశాడు. నేను చూపు తిప్పేసుకున్నాను. మరుసటి వారం గేటులో ఇంకొకాయన ఉన్నాడు.

అమ్మ ఈ కథను ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. చర్చిలో, పెళ్ళిళ్ళలో, ఆసుపత్రి క్యాంటీనులో. వేలిముద్ర దగ్గర అందరూ నవ్వుతారు. పోయిన వేసవిలో మా అమ్మాయికి చెబుతూ "ఆ అబద్ధాలకోరు గార్డు" అనే చోటికి వచ్చింది. నావల్ల కాలేదు. ఆయన నిజమే చెప్పాడమ్మా, అడిగింది నన్నే, తెలియదన్నాను అన్నాను.

"ఆ పిల్ల నిన్ను కాపాడితే నువ్వు దాక్కున్నావు. నాచేత ఇన్నేళ్ళు ఒక మంచివాణ్ణి తిట్టించావు" అంది అమ్మ. ఆ పూట నాతో మాట్లాడలేదు, నేను వండింది తినలేదు. చీకటి పడేముందు తనే వచ్చి, ఎక్కడున్నాడో కనుక్కుందాం, వెళ్ళి కాళ్ళు పట్టుకో, నేనూ వస్తాను, ఆయన పేరేంటి అని అడిగింది.

నాకు తెలియదు. అమ్మకూ తెలియదు. టాంజానియాలో ఉన్న అక్కకు ఫోను చేశాం, ఆమెకూ తెలియదు. గేటు దాటిన ప్రతివాళ్ళ పేరూ రాయించిన మనిషిని నీ పేరేంటని మా ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. ఇప్పుడు ఎక్కడ ఏ గేటులో ముసలి గార్డు కనిపించినా ముందు పేరు అడుగుతాను. ఆయన చెప్పగానే నాకు మళ్ళీ నా మీద కోపం వస్తుంది. అది తగ్గాలని నేను కోరుకోవడం లేదు.