బంగారం క్యాంపుల దేవన్న దుకాన్

బంగారం గనిల కొలువంటే మా ఊరోళ్లు ఏమేమో అనుకున్నరు. దేవన్న పెండ్లాం చిన్నవ్వ అయితే క్యాసెట్ల మాట నింపి పంపింది, "పిసరంతన్న రుమాల్ల కట్టుకొని రారాదు?" అని. ఏం బంగారం! ఒమన్‌ల సొహార్ నుంచి లోపలికి, కొండల నడుమ, పొద్దుందాక రాళ్లు పగలగొట్టుడే. మేం చూసింది దుమ్మొక్కటే.

దేవన్నది మా జగిత్యాల దిక్కే. ఎనభై ఎనిమిదిల ఒమన్ వచ్చి, మబేలా సైట్ల సిమెంటు బస్తాలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నడు. వంగితే లేవరాదు, లేస్తే వంగరాదు. అప్పుడు ఆయనకు వీసా ఇచ్చిన అర్బాబ్, సాలెం అనే ఒమానీ ముసలాయన, గని కంపెనీ కాడ ఇంత జాగ కిరాయికి తీసుకొని రేకుల డబ్బా పెట్టించిండు. "దేవా, నువ్వు నడుపు, జాగ కిరాయి నువ్వే కట్టుకో" అన్నడు.

ఆ డబ్బానే దేవన్నకు పానం. కూసోని చేసుకునే పని గదా. ఉల్లిగడ్డ, చింతపండు, సబ్బులు, ఖాళీ క్యాసెట్లు, నొప్పుల మందు, ఏదడిగినా తీసేటోడు. నోరు మాత్రం ఊకునేది కాదు. "ఏందిరా సురేందరూ, ఉల్లిగడ్డను గట్ల ఒత్తి చూస్తున్నవ్, పెండ్లిచూపులకు వచ్చినవా?" అని నన్ను తిట్టేటోడు. ఆ రాళ్ల నడుమ, ఎవలన్న తిడితేనే మనిషినని యాదికొచ్చేది.

తొంభై ఏడుల గనిల సరుకు తగ్గిందని మాట పుట్టింది. ఒక్కొక్క రూము ఖాళీ అయితున్నది. దేవన్నకు ఒకటే బుగులు. దుకాన్ పోతే మళ్ల బస్తాల కిందికే, ఆ నడుంతోని.

ఒకనాడు అర్బాబ్ పికప్‌ల వచ్చిండు. బండి దిగనే లేదు. "దేవా, కిరాయి మాఫీ" అని ఒక్క మాట చెప్పి తిప్పుకొని పోయిండు.

ఇగ అక్కడే వచ్చింది తంటా. మన దిక్కు మాఫీ అంటే ఏంది? అప్పు మాఫీ, శిస్తు మాఫీ, కట్టక్కరలేదని. అరబ్బీల మాఫీ అంటే లేదు అని. నీళ్లు మాఫీ, సెలవు మాఫీ, జీతం మాఫీ! ఈ దేశంల దిగిన దినమే నేర్చుకునే మాట. దేవన్నకు తెల్వదా? తెలుసు. కానీ అర్బాబ్ ఆయనతోని ఎప్పుడూ హిందీలనే మాట్లాడేటోడు, నడుమ అరబ్బీ కలుపుతడని ఆ గడియల తట్టలేదు. ఆశపడ్డోని చెవి తనకు కావాల్సిందే వింటది.

"అర్బాబ్ దేవుడురా! కిరాయి వద్దన్నడు!" అని నా చెయ్యి పట్టుకొని ఊపిండు. నడుం నొప్పి గూడ మరిచిండు. సొహార్ పోయి డబ్బా నిండ సరుకు దించిండు. రేకులకు పచ్చరంగు ఏసిండు. మిగిలినోళ్లకు లడ్లు పంచిండు. "గని బందైనా ఈ తొవ్వల లారీలు పోతయి తమ్మీ, నేను ఈడనే ఉంట" అన్నడు.

వారం పది దినాలు గాలే, డబ్బాను లేపుకపోను కంపెనీ క్రేన్ వచ్చింది, ఎనుకనే అర్బాబ్. దేవన్న అడ్డం పోయిండు. "మీరే గద మాఫీ అన్నరు!"

అర్బాబ్‌కు సమజ్ గాలే. రెండు చేతులు ఖాళీగ తిప్పి చూపిచ్చిండు. "అదే గద చెప్పిన? కంపెనీ కిరాయి రద్దు చేసింది. జాగ లేదు. మాఫీ. ఖల్లాస్."

దేవన్న ముఖం నేను చూడలేకపోయిన. ఆ రాళ్లల్లనే కూలబడ్డడు. అర్బాబ్ చెడ్డోడు కాదు. సంగతి తెలిసినంక తల పట్టుకున్నడు, సరుకంత పికప్‌ల ఏసుకపోయి బర్కాల తెలిసినోళ్లకు అమ్మిపెట్టిండు. కానీ దుకాన్ ఏడికెల్లి తెస్తడు?

గని బందైనంక దేవన్నకు మళ్ల మబేలా సైటే, ఆయనతోని నాకు గూడ. మొదటి దినమే దేవన్న బస్తా ఎత్తబోయి సగంల ఆగిపోయిండు. ఉరికి అందుకున్న. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. "ఆ ముసలోని మాట పాడుగాను, ఎంత మోసం చేసింది దేవన్నా!" అన్న.

"మోసమేందిరా" అన్నడు, ఊపిరి తీసుకుంట. "ఇన్నేండ్లల్ల నేను కంటినిండ నిద్రపోయింది ఆ వారం పది దినాలే. అది గూడ తప్పు వినబట్టి."

అని, మళ్ల బస్తా మీదికి వంగిండు.