కుశల ప్రశ్న

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, మా బండల కంపెనీ కోస్తా జిల్లాల నుంచి తెచ్చుకున్న గుమాస్తాలకు వికారాబాదులో శిక్షణ ఇచ్చే పని నాకు అప్పగించింది. నేను గనుల ఇంజినీరును. మనుషుల మర్యాదలను కూడా బండ పొరల మందం చెప్పినట్టే చెప్పాను. తాండూరు గనుల యజమానుల దగ్గర ముందే బేరం ఎత్తకూడదు. చాయ్ వద్దనకూడదు. ఇంటి పెద్దల క్షేమం అడగాలి. ఆ తరువాతే బండ సంగతి.

మరుసటి ఏడు, వానలకు ముందు, తాండూరు వెళ్లాను. మాకు బండ ఇచ్చే ఒక పెద్దాయన కొత్త పొర తెరిచి, మాకు మాత్రం ఇవ్వనంటున్నాడు. అది దక్కకపోతే అక్కడి మా గుమాస్తాను ఇంటికి పంపేస్తామని కంపెనీ తేల్చి చెప్పింది. నా తరగతిలో అందరికంటే శ్రద్ధగా విన్నవాడు అతనే.

గని గట్టున, రేకుల పందిరి కింద కూర్చున్నాం. గుమాస్తా చాయ్‌ని సాసరులో పోసుకొని తాగి, నేర్పినట్టే సాసరు దించి, "అమ్మగారు కులాసాయేనా అండీ?" అన్నాడు.

ఉలుల చప్పుడు ఆగింది. పెద్దాయన నావైపు తిరిగాడు.

"జర మీరన్న చెప్పున్రి సాబ్. మా అమ్మీ ఎండకాలం మొదట్ల పోయింది. ఈయన ఖబ్రస్తాన్ దాంక వచ్చిండు, మట్టి గూడ వేసిండు. మల్ల గని మీదికి వచ్చినప్పుడల్ల గిదే ముచ్చట!"

"రామచిలుక గూడ జర ఆలోచన చేసి పలుకుతది" అన్నాడు వెనకనుంచి మేస్త్రీ. ఎవరూ నవ్వలేదు.

గుమాస్తా నావైపు జరిగాడు. "మీరు అడగమన్నారు కదండీ" అని మెల్లగా నాతో అన్నాడు. ఆ గొంతులో నింద లేదు.

"బండ ఇస్త తియ్యి" అన్నాడు పెద్దాయన నాతో. "కని గీ పిలగాడు నా తాన రావద్దు. నౌకరీ తియ్యమంటలేను. రావద్దంటున్న, గంతే."

అలా బండ దక్కింది, ఉద్యోగమూ నిలిచింది. అతన్ని వికారాబాదు ఆఫీసుకు మార్చమని నేనే చెప్పి, వెంటబెట్టుకొని రైలెక్కాను. నేను నేర్పినదేదీ అతను మరిచిపోలేదు. శిక్షణ నిలిచిందా అని కంపెనీ అడిగితే, నిలిచిందనే చెప్పాలి.

ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, "మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాను.

"బాగున్నారండీ" అన్నాడు వెంటనే.

ధారూరు దాటాక, కిటికీ బయటికి చూస్తూ ఇంకేదో అన్నాడు. అప్పటికి నేను మర్నాటి తరగతి గురించి ఆలోచిస్తున్నాను. ఏమన్నావని మళ్లీ అడగవలసి వచ్చింది.

"చూపు ఆనడం లేదటండీ, అమ్మకి."