సుగుణ పేరు పెట్టి చేసిన ప్రార్థన

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. దాన్ని అక్కడే ఉంచుకుని పాటలు పాడాను, వాక్యం చెప్పాను, ఉపవాసాలున్నాను. అది కదలలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఇందులోనూ కొంత పిరికితనం ఉందని తెలుసు.

మాది ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు. మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన మనిషి. నేను చర్చి చాపల మీద పాకుతూ పెరిగాను. కీర్తనలు చాలావరకు నోటికి వచ్చు. గురువారం స్త్రీల కూడికలో నా ప్రార్థన తప్పు లేకుండా సాగేది. తప్పు లేకుండా, అంతే. నేను మొదలుపెట్టగానే ఎవరో ఒకరు దగ్గేవారు, ఎవరో ఒకరు ఒళ్లో పిల్లను సర్దుకునేవారు.

తర్వాత సుగుణ వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దులో మద్నూర్ వైపు పిల్ల, మా ఊరి కోడలు. పెళ్లయ్యాకే బాప్తిస్మం తీసుకుంది. నాట్లకూ కలుపుకూ కూలికి పోయేది. మాట్లాడుతుంటే మధ్యలో మరాఠీ ముక్కలు దొర్లేవి. ప్రార్థనలో సరైన తెలుగు మాట దొరక్క ఆగిపోయేది. ఆ ఆగిన చోటే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవారు. పిల్లలకు జ్వరం వస్తే ముందు ఆమె గడపకే పోయేవారు. నా ఇల్లు దాటుకుని మరీ పోయేవారు.

నాకు కడుపు మండేది. ఇంతకంటే మర్యాదైన మాట కోసం వెతికాను, దొరకలేదు. ఆమె ఏ పాపమైనా చేసి ఉంటే బాగుండునని కోరుకున్న రోజులున్నాయి. ఆమె చీర మీద, ఆమె నవ్వు మీద, ఆలస్యంగా వచ్చి చెప్పులు విడిచే తీరు మీద కూడా నాకు కోపమే. దేవుడు ఆమె మాట వింటున్నాడని కాదు నా బాధ. అందరూ వింటున్నారని.

ఒకసారి మక్కజొన్న గింజలు రోడ్డు మీద ఆరబోసి ఇద్దరం కాపలా కూర్చున్నాం. లారీ వచ్చినప్పుడల్లా లేచి పక్కకు జరిగి, మళ్లీ వచ్చి కూర్చుంటున్నాం. అప్పుడు సుగుణ కాలితో మక్కలను నెరుపుతూ, నా వైపు చూడకుండా అంది.

"అక్కా, ఒక ముచ్చట చెప్త. ఎవ్వలకు చెప్పద్దు."

"చెప్పు."

"నేను ప్రార్థన చేస్తుంటే అందరు ఏడుస్తరు గదా. గప్పుడు నా గొంతు నేనే ఇంటున్న. ఎవ్వలు ఏడుస్తున్నరో ఓరకంట చూస్తున్న. నేను దేవునికి చెప్తున్ననా, వీళ్లకు చెప్తున్ననా? ఇంట్ల ఒక్కదాన్నే కూసుంటే నోట్లకెల్లి మాటనే వస్తలేదు. అటుదిక్కు ఎవ్వలన్న ఉన్నరా అనిపిస్తది."

"గట్ల అనుకోవద్దు సుగుణా. పాపం తగుల్తది."

"నీకెన్నడన్న గట్లనిపించిందా అక్కా?"

"నాకా? ఎన్నడు లేదు."

అబద్ధం. నేను ప్రతి గురువారమూ ఓరకంట చూసినదాన్నే. తేడా అల్లా ఒక్కటే, నాకు ఎవరూ ఏడుస్తూ కనబడేవారు కాదు. ఆమె తన ప్రార్థనను తానే తిరగేసి చూసుకుంది, లోపల ఏముందో చూసి భయపడింది, ఆ భయాన్ని తెచ్చి నమ్మిన మనిషి ముందు పెట్టింది. నాకూ అంతే సుగుణా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేకపోయాను? అంటే ఆమె పక్కన కూర్చోవలసి వచ్చేది. నాకు ఆమె కంటే పైన కూర్చోవాలని ఉంది.

ఆ గురువారం పాస్టరమ్మగారి ఇంట్లో కూడిక. వరసగా ఒక్కొక్కరం ప్రార్థిస్తున్నాం. నా వంతు వచ్చింది. నొప్పి పెట్టే మోకాళ్ల మీదే కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టాను.

"ప్రభువా, మా సోదరి సుగుణను జ్ఞాపకం చేసుకో. నీవు ఉన్నావో లేవో అని ఆమె అనుమానపడుతున్నది. తన ప్రార్థన నీ కోసం కాదు, మనుషుల కోసమని తన నోటితోనే ఒప్పుకున్నది. శత్రువు చేతిలో నుంచి ఆమెను విడిపించు తండ్రీ."

ఆమె పేరు పలికి కాసేపు ఆగాను. కావాలనే ఆగాను. గొంతు వణికించాను. ఆ రోజు ఆడవాళ్లు ఏడ్చారు. నా ప్రార్థనకు వాళ్లు ఏడవడం అదే మొదటిసారి. నేను కన్ను తెరిచి చూశాను. సుగుణ ఒక్కతే తల ఎత్తి నన్ను చూస్తోంది.

ఎవరు నన్ను తప్పుపట్టగలరు? చాడీ చెప్పలేదు కదా, ప్రార్థన చేశాను. కూడిక అయ్యాక చాపకు ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మడతపెట్టాం. కొన్ని రోజులు కూడికలో ప్రార్థన చేయకుండా నెమ్మదిగా ఉండమని పాస్టరమ్మగారు ఆమెకు చెప్పారట. పిల్లలకు జ్వరం వస్తే ఆమె గడపకు పోవడం మానేశారు. కూడిక నడిపించే పని నాకు వచ్చింది. తర్వాత సుగుణ వాళ్లు కామారెడ్డికి వెళ్లిపోయారు. ఆమె భర్తకు రైసుమిల్లులో పని దొరికిందని అన్నారు. నేనూ అదే కారణమని నమ్మాలని చూశాను.

మొన్న ఒక పెళ్లికి కామారెడ్డి వెళ్లినప్పుడు చర్చిలో సుగుణ కనబడింది. చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంది. జుట్టు నెరిసింది. వధూవరుల కోసం ఒక మాట ప్రార్థించమని ఎవరో ఆమెను అడిగారు. ఆమె చేతులు జోడించి, నాతోని కాదమ్మా, ఇంకెవ్వలన్న చెయ్యుండ్రి అంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. నా మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయని అడిగింది. పర్వాలేదన్నాను. నా తప్పు చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు, అయినా చెప్పలేదు. భోజనాలకు పిలుస్తున్నారని వెళ్లిపోయాను.

సిగ్గు లేని మాట ఒకటి చెప్పాలి. ఆమె ప్రార్థించనన్నప్పుడు నా గుండెలో ముందు కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. ఆ ఈర్ష్య ఇంకా చావలేదు. నేను ఆమె స్థానం మాత్రమే లాక్కున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆమె నోరే మూయించానని అక్కడ అర్థమైంది.

రోజూ పడుకునే ముందు, తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమని అడుగుతాను. చిన్నప్పుడు అమ్మ నేర్పిన మాటలు. ఎంత హాయిగా ఉంటాయో ఆ మాటలు. తెలిసి చేసింది కూడా తెలియక చేసినవాటి పక్కన దూరి కూర్చుంటుంది. ఇంకెంతకాలం దాన్ని అక్కడ దాచను? సుగుణ దగ్గరికి ఇంకా వెళ్లలేదు. వెళ్తానో లేదో కూడా ఈ పూట చెప్పలేను. కాని ఒకటి చెప్పగలను. తెలియక కాదు. తెలిసే చేశాను.