పదునులో విత్తిన తొమ్మిది పూలు

కరువు సీమ మనిషికి తెలిసినవి రెండే పనులు. వాన కోసం ఎదురుచూడడం, అది పడిందంటే ఉన్న విత్తనమంతా ఒక్కరోజే విత్తేయడం. ఈ రెండో అలవాటుతో నేను మా ఆవిడ పంతాన్ని ఎలా మంటగలిపానో చెబుతాను. నవ్వితే నవ్వండి, ఆమె ముందు మాత్రం వద్దు.

గుత్తి దగ్గర వేరుశనగ పండించే ఇల్లు మాది. మూడేళ్ళ కిందట మా ఆవిడ పద్మకు వాళ్ళన్న బెంగుళూరు నుంచి రెండు ఆర్కిడ్ కుండీలు తెచ్చాడు. ఒకదాంట్లో తొమ్మిది తెల్లపూలు, ఇంకోదాంట్లో ఐదు ఊదా పూలు.

"మా ఊర్లో ఇవి రెండు నెల్లుంటాయి. నెల తర్వాత వస్తాను. మీ గాలికి ఒక్క పువ్వు నిలిచినా నా మీసం తీసేస్తా" అన్నాడు బావ.

పద్మకు పౌరుషం వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క కూలర్‌నూ కుండీల వైపు తిప్పింది. చుట్టూ తడి గోనెపట్టాలు కట్టింది. నేను చెమటలో నానుతూ పడుకున్నాను. బావ వచ్చే వారందాకా పద్నాలుగు పూలూ అలాగే నిలిచాయి.

అప్పుడు నా చేతిలో ఫోన్ ఉండటమే పొరపాటు. అందులో ఆర్కిడ్ల చరిత్ర చదివాను. నూరేళ్ళకు పైగా ఎందరో మహానుభావులు ఒక మొక్క రంగునూ ఇంకో మొక్క రూపాన్నీ కలిపి, అడవిలో సన్నరేకులతో ఉన్న పువ్వును ఇంత గుండ్రంగా, ఇంత వెడల్పుగా తెచ్చారట. కొత్త పువ్వుకు పేరు కూడా పెట్టుకోవచ్చట. నేను పేరు ఖాయం చేశాను. ఆలు ఉంది, చూలు లేదు, బిడ్డ పేరు మాత్రం 'గుత్తి పద్మ'.

గురువారం పద్మ మిద్దె మీద బట్టలారేస్తుండగా, పళ్ళు కుట్టుకునే పుల్లతో ఐదు ఊదా పూల పుప్పొడీ తీశాను. తెల్లపూలలో ఒక్కదానికి పెడితే చాలు. ఆ మాట తెలివిగలవాళ్ళకు. నేలలో వాన పదునుండగా ఒక్క సాలు విత్తి ఇంటికొచ్చే రైతును మా ఊరు మనిషిగా చూడదు. తొమ్మిదింటికీ పెట్టాను.

శనివారానికి తెల్లవీ, పుప్పొడి పోగొట్టుకున్న ఊదావీ తడిగుడ్డల్లా వేలాడాయి.

"ఏమయ్యా, ఇవి ఇట్లెందుకైనాయి?"

"ఎండ."

"ఇన్ని దినాలు లేని ఎండ ఇప్పుడు యాడనుంచి వచ్చింది?"

జవాబు ఫోన్‌లో నేను చదవకుండా వదిలేసిన పేరాలో ఉంది. పుప్పొడి తగిలిన ఆర్కిడ్ పువ్వు సింగారం మానేసి కాయ కట్టే పనిలో పడుతుందట, పుప్పొడి పోగొట్టుకున్నది ఊరికే వాడిపోతుందట.

ఆదివారం బావ వచ్చాడు. కుండీలు చూసి మీసం దువ్వుకున్నాడు.

"చెప్పలేదామ్మా? ఈ గాలికి రాళ్ళు తప్ప ఏమీ బతకవు."

పద్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బావా, తప్పు గాలిది కాదు. ఆ పూలకు పుప్పొడి పెట్టింది నేనే."

పద్మ నా వైపు చూసింది. ఆ చూపు వర్ణించను, ఇంట్లో పిల్లలు కూడా చదువుతారు.

అంతవరకు ఆ మొక్కల్ని కలుపు కింద జమకట్టిన మా నాయన లేచి వచ్చి, వాడిన పువ్వు వెనక కాడను వేళ్ళతో నొక్కి చూశాడు.

"ఈడ లావెక్కుతాండాది చూడండి. శనక్కాయకూ పువ్వు వాడినంకనే కదా భూమిలోకి ఊడ దిగేది! ఇవి చావలేదప్పా, కడుపుతో ఉండాయి." బావ వైపు తిరిగాడు. "మీ బెంగుళూర్లో ఊరికే నిలబడుకోనుండె. మా గాలికొచ్చినంకనే తొమ్మిదీ కాపుకొచ్చినాయి. మీసం సంగతేమప్పా?"

"పువ్వేది మామా?"

"పువ్వు కంటే కాయ పెద్దది కాదా?"

బావ చెయ్యి మీసం మీది నుంచి దిగిపోయింది. పద్మ కళ్ళు తుడుచుకుంది.

"కొత్త పువ్వు ఎప్పుడొస్తాది?" అని నన్ను అడిగింది.

ఈసారి పేరా మొత్తం చదివాను. "కాయ పండేకి ఆర్నెల్లు. విత్తనాలు దుమ్ము మాదిరి ఉంటాయంట, ల్యాబులో సీసాల్లో మొలిపించల్లంట. పూసేకి ఇంగ నాలుగైదేండ్లు."

"సరే. కడుపుతో ఉండేటివి, చల్లగా ఉండల్ల. కూలర్ వాటికే. నువ్వు మిద్దె మీద పండుకో."

మూడేళ్ళయింది. పండిన కాయలు తీసుకుపోయి బెంగుళూరు ల్యాబు నుంచి బావ తెచ్చిచ్చిన నాలుగు పిల్లమొక్కలు ఇంకా రెండాకుల మీదే ఉన్నాయి. కూలర్ వాటి దగ్గరే ఉంది. అందువల్ల మా మిద్దె మీది చుక్కల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పళ్ళలో మామిడి పీచు ఇరుక్కుని ప్రాణం పోతున్నా సరే, ఇంట్లో పువ్వున్నంత కాలం పుల్ల ముట్టను.